ఊరి పాటకు లోకం వంత: జానపదానికి దూరదేశపు వాద్యం జోడించడం ఎలా?

మా చందుర్తిలో మధ్యాహ్నం పూట బీడీలు చేసే వాకిట్లో కూర్చుంటే కత్తెర చప్పుడుతో పాటు పాట కూడా వినపడుతుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారపు ఉండ. వేళ్లు తమ పని తాము చేసుకుపోతుంటే గొంతు తన పని తాను చేసుకుపోతుంది. మా పెద్దమ్మ అట్లా పాడే పాట ఒకటుంది. దుబాయి పోయిన మనిషి కోసం ఎదురుచూసే ఇల్లాలి పాట. చందుర్తి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫుకు మనిషిని పంపని వాడ దొరకడం కష్టం. అందుకే ఆ పాట విన్నవాళ్లకు అది తమ ఇంటి పాటే అనిపిస్తుంది.

కొన్నేళ్ల కింద ఆ పాటకు గిటార్ జోడిద్దామని ఒక సోపతిని తోలుకొచ్చాను. చెయ్యి తిరిగినవాడే. నాలుగు లెక్కపెట్టి మొదలుపెట్టాడు. రెండు చరణాలు కాకముందే పెద్దమ్మ పాట ఆపేసింది.

"నువ్వు ముంగట ఉరుకుతున్నవ్ బిడ్డా. నేను దారం కట్టేదాకన్న ఆగవా?" అన్నది.

అప్పుడు ఆమె చేతుల దిక్కు చూశాం. కొన్ని పాదాల చివర ఆమె గొంతును కాస్త లాగి పట్టుకుంటుంది. బీడీకి దారం చుట్టి ముడి వేయడానికి ఎంతసేపు పడుతుందో ఆ లాగుడు అంతసేపు ఉంటుంది. పాదం ఎంత పొడవుండాలో ఆమె చేతి పని చెబుతోంది. ఆ సంగతి గిటార్‌కు తెలియదు, మాకూ తెలియదు.

ఆ రోజు నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం. మన పాటలో రెండో గొంతుకు జాగా ఎప్పటినుంచో ఉంది. దాని పేరు వంత. ఒగ్గుకథలో ప్రధాన కథకుడి వెంట వంతగాళ్లుంటారు. బుర్రకథలో కథకుడికి అటొకరు ఇటొకరు. బతుకమ్మ చుట్టూ ఒకామె పాదం ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. ఏ దేశం నుంచి వచ్చిన వాద్యమైనా ఆ వంత జాగాలో కూర్చుంటే పాట పెరుగుతుంది. కథకుడి జాగాలో కూర్చుంటే పాట చిన్నబోతుంది. కింద చెప్పే తొమ్మిది మెట్లూ ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి.

ఇది కొత్త పని కాదు

మొదలుపెట్టే ముందు కాస్త ధైర్యం తెచ్చుకుందాం. ఇప్పుడు కర్ణాటక సంగీత కచేరీలో వయొలిన్ లేకపోతే వెలితి. అది యూరప్ వాద్యం. 19వ శతాబ్దం తొలినాళ్లలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో నేర్చుకుని మన పాటకు దాన్ని అలవాటు చేశారు. తర్వాతి శతాబ్దంలో ద్వారం వెంకటస్వామి నాయుడు దాన్ని విజయనగరం పేరుతో కలిపి చెప్పుకునేట్టు చేశారు. మన భజన మండళ్ల హార్మోనియం కూడా ఐరోపాలో పుట్టిందే. నేల మీద కూర్చుని వాయించడానికి వీలుగా కలకత్తాలో మార్చుకున్నారు. పాలకొల్లు పిల్లవాడు యు. శ్రీనివాస్ మాండలిన్ మీద గమకాలు పలికించి ప్రపంచమంతా తిరిగాడు.

జానపదంలోనూ దారి పడింది. 2021లో వచ్చిన 'భీమ్లా నాయక్' టైటిల్ పాటలో ముందు దర్శనం మొగులయ్య గొంతు, పన్నెండు మెట్ల కిన్నెర పలుకుతాయి. తమన్ వాద్యబృందం ఆ తర్వాతే అందుకుంటుంది. మరుసటి ఏడు మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. అదే 2021లో బతుకమ్మ పాటకు ఏ.ఆర్. రెహమాన్ సంగీతం కట్టారు. 2023లో మన సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన 'బలగం'లో పతాక సన్నివేశం మొత్తం బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మల గొంతుల మీదే నిలబడింది. సంగీతం సమకూర్చిన భీమ్స్ సిసిరోలియో ఆ గొంతులకు దారి ఇచ్చారు.

దూరంగా వోల్గా నది ఒడ్డున టాటార్లు అనే జాతి ఉంది. వాళ్ల రాజధాని కజాన్. వాళ్ల పాత పాటలు ఎక్కువగా ఐదు స్వరాల మీద నడుస్తాయి. ఒక్కో అక్షరాన్ని సాగదీసి, మెలికలు తిప్పి పాడతారు. పాటలో ఉండే ఆర్తిని వాళ్లు 'మోంగ్' అంటారు. ఆ జాతి ఆడబిడ్డ జూల్యా కమలోవా ఆస్ట్రేలియాలో స్థిరపడి, తన భాషనూ గొంతునూ వదలకుండా అకార్డియన్, గిటార్, బేస్, డ్రమ్స్ వాయించే బృందంతో కలిసి పాడింది. ఆమె 'త్రీ నైట్స్' ఆల్బమ్‌కు 2007లో అక్కడి ఆరియా పురస్కారం దక్కింది. వోల్గా ఒడ్డు పాట మెల్‌బోర్న్‌లో నిలబడగలిగితే మన చందుర్తి పాట ఎందుకు నిలబడదు?

కావలసినవి

- ఒక పాట, ఒక గొంతు, ఒక వాద్యం. మొదటిసారి అంతకు మించి వద్దు.
- రికార్డింగ్ సదుపాయం ఉన్న ఫోన్. రెండు ఫోన్లుంటే మరీ మంచిది.
- ట్యూనర్ యాప్, తంబూరా యాప్. రెండూ ఉచితంగా దొరుకుతాయి.
- వైరున్న ఇయర్‌ఫోన్లు. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చెవికి చేరుతుంది, దానితో వాద్యం తాళం తప్పుతుంది.
- శబ్దాలను విడివిడి వరుసల్లో పెట్టుకునే ప్రోగ్రాం. కంప్యూటర్‌లో ఆడాసిటీ, ఫోన్‌లో బ్యాండ్‌ల్యాబ్ సరిపోతాయి.
- ఒక కాగితం, ఒక కలం.

1వ మెట్టు: పాటను ఎంచుకోండి, అడిగి తీసుకోండి

మొదటి ప్రయత్నానికి చిన్న పాట మేలు. ఒకే వరస మళ్లీ మళ్లీ వచ్చేది, మూడు నాలుగు నిమిషాల్లో ముగిసేది. నాట్ల పాట, లాలి పాట, బతుకమ్మ పాట, కోలాటం పాట, గల్ఫు పాట, వీటిలో ఏదైనా తీసుకోవచ్చు. మీకు పుస్తకంలో దొరికిన పాట కన్నా మీ కళ్లెదుట ఇంకా ఎవరో ఒకరు పాడుతున్న పాట తీసుకోండి. అడిగితే అర్థం చెప్పే మనిషి ఉంటుంది.

అన్ని పాటలూ అందరివీ కావు. ఒగ్గు పూజారులు మల్లన్న పట్నం వేసేటప్పుడు పాడేవి, చావింట్లో బుడగ జంగాలు పాడేవి ఆ సందర్భానికీ ఆ కులవృత్తికీ కట్టుబడినవి. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు లాంటి కళాకారులు ఒగ్గుకథను ఇల్లూ గుడీ దాటించి పెద్ద వేదికల మీదికి తెచ్చారు, నిజమే. కానీ ఆ గడప ఎప్పుడు దాటాలో తేల్చుకున్నది ఆ కళ తెలిసిన మనుషులే. మీరు బయటివారైతే ముందు అడగండి. వద్దంటే మానేయండి. పాటలకు మనకేం కరువు లేదు.

2వ మెట్టు: వాద్యం లేకుండా మూడుసార్లు వినండి

వాద్యాన్ని ఇంట్లోనే పెట్టి వెళ్లండి. మొదటిసారి ఫోన్ తీయకుండా ఉత్తగా వినండి. రెండోసారి, పని చేస్తూ పాడుతున్నప్పుడు రికార్డు చేయండి. మూడోసారి, పని ఆపి కూర్చోబెట్టి పాడించండి. రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి వింటే పాటలో పని ఎంత ఉందో తెలిసిపోతుంది. మా పెద్దమ్మ చాట పక్కన పెట్టి పాడినప్పుడు పాట కాస్త వేగం పెరిగింది, పాదం చివరి లాగుడు పొట్టిదైంది. పాట ప్రాణం మాత్రం పని చేస్తూ పాడిన దానిలోనే ఉంది. అందుకే చివరికి ఆమె చేతిలో చాట ఉండగానే రికార్డు చేశాం.

రికార్డు చేసేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి ఇవి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు పెట్టండి, ఊపిరి నేరుగా మైకును తాకదు. ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. రేకుల ఇంట్లో, ఖాళీ అర్రలో గొంతు ప్రతిధ్వనిస్తుంది. గోడలకు నాలుగు బొంతలు, చద్దర్లు వేలాడదీస్తే ఆ మోత తగ్గుతుంది. యాప్‌లో వీలుంటే వేవ్ ఫైలుగా భద్రపరచండి. శబ్దం కొలిచే గీత మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి, గొంతు ఎత్తినప్పుడు పగలదు.

3వ మెట్టు: ఆమె శ్రుతి ఎక్కడుందో కనుక్కోండి

జానపదులు శ్రుతిపెట్టె పెట్టుకుని పాడరు. తమ గొంతుకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ ఎత్తుకుంటారు. ఆ హాయిని మార్చకండి. రికార్డు వింటూ, పాట ఏ స్వరం మీద విశ్రాంతి తీసుకుంటుందో గమనించండి. చాలా పాటలు చివరి పాదంలో అక్కడికే చేరుతాయి. అదే 'స'.

ఆ స్వరాన్ని మీరు కూనిరాగం తీస్తూ హార్మోనియం మీద వెతకండి. ఒకటో శ్రుతి అంటే పాశ్చాత్యుల సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఏ, ఏడు బి. ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర నల్ల మెట్లు. గిటార్ వాయించేవారితో మాట్లాడేటప్పుడు ఈ లెక్క పనికొస్తుంది.

మా పెద్దమ్మ శ్రుతి ఐదుకూ ఐదున్నరకూ మధ్యన పడింది. ఇట్లా చాలామందికి పడుతుంది. అప్పుడు ఆమెను ఐదుకు దిగమనకండి. ట్యూనర్ యాప్‌లో 440 అని ఒక అంకె ఉంటుంది. అది పాశ్చాత్యుల 'ఏ' స్వరానికి లోకమంతా ఒప్పుకున్న కొలత. దాన్ని 446కి జరిపితే వాద్యం మొత్తం ఒక మెట్టులో దాదాపు నాలుగో వంతు పైకి వెళ్తుంది. తంతి వాద్యాలన్నీ ఇట్లా జరుగుతాయి. హార్మోనియం, అకార్డియన్ జరగవు. వాద్యం ఎంపికలో ఇది పెద్ద సంగతి.

కొందరు పాడుతూ పాడుతూ శ్రుతిలో కొంచెం పైకి పోతారు. అట్లా పోతుంటే తంబూరా యాప్‌ను ఒక చెవికి మాత్రం మెల్లగా వినిపించి చూడండి. ఇబ్బంది పడితే తీసేయండి.

4వ మెట్టు: స్వరాలు లెక్కపెట్టండి

పాటలో ఎన్ని స్వరాలున్నాయో కాగితం మీద రాసుకోండి. చాలా జానపదాలు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతాయి. స, రి, గ, ప, ధ వస్తే అది మన మోహన వరస. హార్మోనియం మీద నాలుగున్నరను 'స' చేసుకుని నల్ల మెట్లు మాత్రమే వాయించుకుంటూ పోండి, అచ్చంగా మోహనమే పలుకుతుంది. సంగీతం రానివారికి కూడా ఇది పది నిమిషాల్లో పట్టుబడుతుంది.

ఐదు స్వరాల వరసలు ఒక్క మనవే కావు. టాటార్ల పాటలు, స్కాట్లాండ్ పల్లె పాటలు, చైనావారి 21 తంతుల గుజెంగ్, అన్నీ ఆ ఇంటివే. కాబట్టి మీ పాట మోహన వరసలో ఉంటే ఆ వాద్యాలకు అది పరాయి ఇల్లు అనిపించదు.

ఒక జాగ్రత్త. రాసుకున్న స్వరం కన్నా పాడిన స్వరమే ప్రమాణం. మా పెద్దమ్మ 'గ' పైకి పోయేటప్పుడు ఒక చోట, దిగేటప్పుడు కాస్త కింద పలుకుతుంది. హార్మోనియం మెట్ల మీద ఆ రెండో 'గ' లేదు. అది తప్పు కాదు, ఆ పాటకు ఆ వంపే అందం. కాగితం మీద అక్కడ ఒక చుక్క పెట్టుకోండి. వాద్యకారుడు ఆ చుక్క దగ్గర మౌనంగా ఉండాలి, లేదా ఆ వంపును పలికించగలగాలి.

5వ మెట్టు: నడక పట్టుకోండి

రికార్డు పెట్టుకుని తొడ మీద చెయ్యి తట్టండి. మూడు మూడుగా ఊగితే తకిట, నాలుగు నాలుగుగా నడిస్తే తకధిమి. పాటకు చప్పట్లుంటే అవి ఏ అక్షరం మీద పడుతున్నాయో గుర్తు పెట్టండి. ప్రతి పాదానికీ ఎన్ని దెబ్బలో విడిగా లెక్కించండి. అన్ని పాదాలూ సమానంగా ఉంటాయని అనుకోవద్దు. మా గిటార్ సోపతి చేసిన పొరపాటు అదే. పెద్దమ్మ పాదాలు కొన్ని ఎనిమిది దెబ్బలు, కొన్ని పది. ఆ రెండు దెబ్బలే దారం ముడి.

దీనికి రెండు దారులున్నాయి. పాదాల పొడవు స్థిరంగా లేకపోతే తాళాన్ని వదిలేసి, వాద్యంతో ఒక్క స్వరాన్ని నిలకడగా పట్టించండి. టాటార్లకు 'ఒజిన్ కుయ్' అనే తరహా పాటలున్నాయి, దీర్ఘమైన పాట అని అర్థం. తాళం కట్టు లేకుండా ఊపిరిని బట్టి సాగుతాయి. అట్లాంటి పాటకు తాళం బిగించడమంటే పారే కాలువకు గట్టు అడ్డం వేసినట్టే. నడక స్థిరంగా ఉంటే మాత్రం ఆమె చప్పట్ల మీద డప్పు కట్టండి. ఫోన్‌లోని యంత్రపు టిక్కు టిక్కు మీద ఆమెను పాడించకండి.

డప్పు వాడేటట్టయితే దానికి ఒక అరగంట కేటాయించండి. మేకతోలు మెత్తబడితే మోత చస్తుంది. కళాకారుడు గడ్డి మంట రాజేసి, డప్పును దాని ముందు తిప్పుతూ, మధ్య మధ్య సిర్రతో ఒక్క దెబ్బ వేసి చెవి పెట్టి వింటాడు. తోలు బిగిసేకొద్దీ ఆ దెబ్బ మొద్దు చప్పుడు నుంచి కంచు మోత దాకా ఎక్కుతుంది. కావలసిన చోట ఆగుతాడు. ట్యూనర్ యాప్ చేసే పనిని ఆయన చెవి చేస్తుంది. ఆ అరగంటను ఆలస్యం అనుకోకండి.

6వ మెట్టు: వంతగాణ్ణి ఎంచుకోండి

ఇప్పుడు వాద్యం. పేరు చూసి, రూపం చూసి ఎంచుకోకండి. మూడు ప్రశ్నలు వేయండి. ఇది స్వరాన్ని వంచగలదా? ఆమె శ్రుతికి జరగగలదా? ఆమె గొంతు ఉన్న ఎత్తులో కాకుండా ఇంకో ఎత్తులో పలకగలదా?

వయొలిన్: మూడింటికీ అవును. మన చెవికి అలవాటైన వాద్యం కాబట్టి మొదటిసారికి చాలా సులువు. గొంతు వెంట నీడలా పోకుండా, కింది తంతుల మీద వాయించమనండి.

ఊద్: అరబ్బు దేశాల తంతి వాద్యం. పియర్ పండును నిలువునా కోసినట్టుంటుంది. మెడ మీద మెట్లు లేవు, అందుకే ఏ వంపైనా పలుకుతుంది. ఆడగొంతుకు కింద, లోతుగా మోగుతుంది. గల్ఫు పాటకు ఇంతకన్నా దగ్గరి వాద్యం నాకు తోచలేదు. పాటలోని ఇల్లాలు ఇక్కడుంది, ఆమె మనిషి ఉన్న ఎడారి గాలి ఊద్‌లో ఉంది.

దుదుక్: ఆర్మేనియా వాద్యం, జల్దారు చెట్టు కర్రతో చేస్తారు. సాధారణంగా ఇద్దరు వాయిస్తారు. ఒకరు పాట వాయిస్తే ఇంకొకరు ఒకే స్వరాన్ని ఆపకుండా పట్టుకుంటారు, మన సన్నాయి పక్కన శ్రుతి పట్టినట్టు. తాళం లేని దుఃఖపు పాటలకు నప్పుతుంది.

కోరా: పశ్చిమ ఆఫ్రికాది. సగం కోసిన పెద్ద సొరబుర్ర మీద తోలు బిగించి 21 తంతులు కడతారు. మన కిన్నెరకూ బుర్రలే కదా, దూరపు చుట్టాలనిపిస్తుంది. లాలి పాటకు బాగుంటుంది.

మోర్సింగ్: పళ్లకు ఆనించి వాయించే ఇనుప వాద్యం. మన కచేరీల్లో ఉన్నదే. టాటార్లు దాన్నే కుబిజ్ అంటారు. కోలాటం పాటలో మధ్య మధ్య వినిపిస్తే చాలు.

కహోన్: పెరూ దేశపు చెక్కపెట్టె. దాని మీదే కూర్చుని వాయిస్తారు. లోతైన దెబ్బ ఇస్తుంది కాబట్టి డప్పుకు అడ్డం రాదు. జెంబే అట్లా కాదు, అది కూడా మేకతోలుదే, దాని పై మోత డప్పు మోతతో పోటీ పడుతుంది.

గిటార్: అందరి దగ్గరా ఉంటుంది, అందరూ మొదట తప్పు చేసేదీ దీనితోనే. మూడు నాలుగు స్వరాలు ఒక్కసారి మోగించే కార్డులు పాటను ఒక దారిలోకి నెట్టేస్తాయి. పెద్దమ్మ వంపు తిరిగిన 'గ' పక్కన కార్డులోని నిటారు 'గ' మోగితే రెండూ కొట్లాడుకుంటాయి. కార్డులు మానేసి స, ప తంతులను మాత్రం విడిగా మీటమనండి. మెడకు కేపో అనే పట్టీ బిగిస్తే ఆమె శ్రుతి దగ్గరికి రావచ్చు.

వీటిలో చాలావరకు చందుర్తిలో దొరకవే అని నిరాశపడకండి. పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఉంటుంది, అది ఐరోపాదే. చర్చిలో గిటార్, కీబోర్డు ఉంటాయి. పాత భజన మండళ్లలో బుల్‌బుల్ తార ఉంటుంది. 1912లో జపాన్‌లోని నగోయాలో పుట్టిన తైషోగోతో అనే వాద్యమే మన దేశానికి వచ్చి ఆ రూపం ఎత్తింది. లోకం మన ఊరికి ఎప్పుడో వచ్చి కూర్చుంది, పలకరించాల్సింది మనమే.

7వ మెట్టు: జాగాలు పంచండి

కాగితం మీద పాటను నిలువుగా గీయండి. ఒక్కో పాదానికి ఒక్కో గీత. పాదానికీ పాదానికీ మధ్య ఆమె ఊపిరి తీసుకునే చోట చిన్న గడి గీయండి. వాద్యం మాట్లాడాల్సింది ఆ గడుల్లోనే. ఇది వంతగాళ్లకు పుట్టుకతో వచ్చే ఇగురం. కథకుడు పలుకుతుంటే ఊరుకుంటారు, ఆగితే అందుకుంటారు.

మొదటి పాటకు ఈ అమరిక పనికొస్తుంది:

- మొదటి చరణం: గొంతు ఒక్కటే. కత్తెర చప్పుడు వినిపిస్తే వినిపించనివ్వండి.
- రెండో చరణం: వాద్యం 'స' మీద నిలకడగా, వినీ వినపడనట్టు.
- మూడో చరణం: గడుల్లో జవాబు. ఆమె పాడిన పాదంలోని చివరి మూడు నాలుగు స్వరాలనే తిరిగి పలకాలి, కొత్త వరస అల్లకూడదు.
- నాలుగో చరణానికి ముందు: అరనిమిషం వాద్యం ఒంటరిగా. ఇక్కడ తన ఊరి యాస చూపించవచ్చు.
- చివరి చరణం: మళ్లీ గొంతు ఒక్కటే, లేదా సన్నని శ్రుతి మీద.

అరనిమిషమేనా అని వాద్యకారుడు అడుగుతాడు. పాట అంతటా వాయిస్తే ఎవరూ వినరు, అరనిమిషం వాయిస్తే అందరూ వింటారు అని చెప్పండి.

8వ మెట్టు: రికార్డు చేయండి, కలపండి

ఇద్దరూ ఒకే అర్రలో ఎదురెదురుగా కూర్చుని చేయగలిగితే అదే మంచిది. ఒకరి ఊపిరి ఒకరికి కనపడుతుంది. ఇద్దరి దగ్గరా ఒక్కో ఫోన్ పెట్టి, రికార్డింగ్ మొదలైన తర్వాత గట్టిగా ఒక చప్పట కొట్టండి. తర్వాత రెండు ఫైళ్లలోని ఆ చప్పట శిఖరాలను జతచేస్తే రెండూ కలుస్తాయి. డప్పు ఉంటే దాన్ని వాకిట్లో, గొంతును లోపల పెట్టండి.

దూరంగా ఉన్న మనిషితో చేయాలంటే ముందు గొంతు రికార్డు చేసి పంపండి. మా పాటకు మేం చేసింది ఇదే. పెద్దమ్మ కొడుకు, మా అన్న, షార్జాలో పని చేస్తాడు. అతనితో పనిచేసే ఈజిప్టు మనిషి ఊద్ వాయిస్తాడు. గొంతు ఫైలు, 'స' ఏదో చెప్పే తంబూరా ఫైలు, గడులు గీసిన కాగితం ఫోటో పంపాం. వాట్సాప్‌లో మామూలుగా ఆడియో పంపితే నాణ్యత తగ్గే అవకాశం ఉంది, డాక్యుమెంట్‌గా పంపండి. అతను ఇయర్‌ఫోన్లలో ఆమె గొంతు వింటూ తన ఊద్‌ను మాత్రమే రికార్డు చేసి పంపాడు. దారం ముడి సంగతి మా అన్న అతనికి ముందే చెప్పాడు. చిన్నప్పటి నుంచి ఆ చాట పక్కనే పెరిగినవాడు కదా.

కలిపేటప్పుడు వరుస ఇది. ముందు గొంతును ఒక్కదాన్నే సరిచేయండి. 80 హెర్ట్జ్ కింది గుయ్యిమనే మోత కోసేయండి. తర్వాత వాద్యాన్ని పూర్తిగా తగ్గించి, మెల్లగా పెంచుతూ పోండి. వినపడిందనిపించిన చోట ఆగి, ఇంకాస్త తగ్గించండి. మాట స్పష్టత 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆ ప్రాంతంలో వాద్యాన్ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే మాటలు తేటగా వినపడతాయి. ప్రతిధ్వని చిటికెడు చాలు. స్వరాలను యంత్రంతో సరిదిద్దే ఆటోట్యూన్ జోలికి పోవద్దు. అది ఆ వంపు తిరిగిన 'గ'ను ఇస్త్రీ చేసేస్తుంది.

అయిన తర్వాత ఇయర్‌ఫోన్లలోనే కాదు, ఫోన్ స్పీకర్‌లో, ఆటోలో, ట్రాక్టర్ డబ్బాలో పెట్టి వినండి. మన ఊళ్లో పాట వినేది అక్కడే.

9వ మెట్టు: పేరు, వాటా, చివరి మాట

పాట బయటికి పంపే ముందు పాడినామె పేరు మొదటి వరసలో, వాద్యకారుడి పేరు రెండో వరసలో, మీ పేరు ఆ తర్వాత రాయండి. పాట ఎక్కడిదో, ఎవరి నోట విన్నదో కూడా రాయండి. జానపదం అందరిదీ కావచ్చు, ఆ రోజు పాడిన గొంతు మాత్రం ఆమెదే. 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకులకు హక్కు ఉంది, అది 50 ఏళ్లు నడుస్తుంది. తెలుగులో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. పాట ఎక్కడెక్కడ పెడతారు, డబ్బు వస్తే ఎవరికెంత, వద్దనుకుంటే ఎట్లా తీసేస్తారు, ఈ మూడూ అందులో ఉండాలి. చదవడం రానివారికి చదివి వినిపించి, ఇంట్లో ఇంకొకరి ముందు సంతకం తీసుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

- ఒకేసారి ఐదారు వాద్యాలు పెట్టడం. మొదటి పాటకు ఒక్కటే.
- మొదటి అక్షరం నుంచే వాద్యం మోగించడం. గొంతును ముందు పరిచయం కానివ్వండి.
- పాత మాటలు అర్థం కావని మార్చేయడం. అర్థం కాకపోతే పాడినామెను అడగండి, విన్నవాళ్లూ అడిగి తెలుసుకుంటారు.
- యాసను సవరించడం. పాట ఆ యాసలోనే తాళం కట్టుకుంది, దీర్ఘం తీస్తే నడక తప్పుతుంది.
- ఆమెకు వినిపించకుండా నెట్‌లో పెట్టేయడం.

ఈ చివరిది ఎందుకు చేయకూడదో చెప్పి ముగిస్తాను. ఊద్ కలిపిన పాటను ఒక మాపటి పూట మా పెద్దమ్మకు వినిపించాను. చాట ఒళ్లోనే ఉంది. మొదటి చరణం తన గొంతే తాను వింటూ తల వంచుకుంది. రెండో చరణంలో చెయ్యి ఆగింది. మూడో చరణంలో తన పాదం ముగిసి, దారం ముడి పడేంతసేపు ఆగి, ఊద్ పలికింది. ఆమె తలెత్తి నా దిక్కు చూసింది.

"ఎన్క అందుకునేటాయన ఎవరు కొడుకా?"

"మనిషి గొంతు కాదు పెద్దమ్మా, అక్కడి వాద్యం. అన్న పనిచేసే కాడ ఒకాయన వాయించిండు."

కాసేపు ఏమీ అనలేదు. పాట చివరిదాకా విని, మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నది.

"ఏదైతేంది, ఆగి అందుకున్నడు. వంత మంచిగ పట్టిండు" అన్నది.